ఫైబర్ విప్పితే లాకులు విరుగుతాయా?

ప్రశ్న: అన్నా, నాది 2019 మోడల్ యమహా ఆర్15 వీ3. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఐదు వేల ఆర్పీఎం దగ్గర ఎడమ వైపు ఫెయిరింగ్‌లోంచి, అదే ఇంజిన్ పక్కన కప్పి ఉండే ప్లాస్టిక్ తొడుగులోంచి, గరగరమని శబ్దం వస్తుంది, ఆరు వేలు దాటాక ఆగిపోతుంది. మెకానిక్‌కి చూపిస్తే "ఫైబర్ మొత్తం విప్పాలి, లాకులు విరిగితే మాత్రం నన్నడగొద్దు" అన్నాడు. ఆ మాట విన్నాక బండి వెనక్కి తెచ్చేసుకున్నా. ఇంట్లో నేనే విప్పుదామనుకుంటున్నా. నా దగ్గర అలెన్ కీల సెట్టు, రెండు స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. "నడుస్తున్న బండిని గోనెసంచిలోకి ఎక్కిస్తావు" అని నాన్న వద్దంటున్నారు. నావల్ల అవుతుందా? లాకు విరిగితే దేంతో అంటించాలి? ఇంకో మాట, అసలు ఫెయిరింగ్ మొత్తం తీసేసి తిరిగితే ఏమన్నా ఇబ్బందా? – ఓ పాఠకుడు, ఖమ్మం

సమాధానం: తమ్ముడూ, నీవల్ల అవుతుంది. మీ మెకానిక్ మాట దురుసుగా ఉందేమో గానీ, అబద్ధం కాదు. సెకండ్ హ్యాండ్ బండి అంటే నీకంటే ముందు ఎంతమంది విప్పారో, ఎలా బిగించారో తెలియదు. ఫెయిరింగ్ ముక్కల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ లాకుల్లో సగం ఇప్పటికే పోయి ఉండొచ్చు. చివరగా చెయ్యి పెట్టినవాడి మీదే ఆ నింద పడుతుంది కాబట్టి అతను ముందే చేతులు దులుపుకున్నాడు. పైగా అతని షెడ్డు ముందు ఇంకో నాలుగు బండ్లు వరసలో నిలబడి ఉంటాయి. నీకు ఆదివారం రోజంతా ఉంది. ఈ పనికి కావాల్సింది పెద్ద పనితనమేం కాదు, తీరిక.

అయితే విప్పే ముందు, విప్పాలా అని ఒకసారి చూడు. నువ్వు రాసినదాన్ని బట్టి శబ్దం ఒక్క స్పీడు దగ్గరే వచ్చి, దాటగానే పోతోంది. మిక్సీ వేసినప్పుడు అలమరలో ఒక గిన్నె మాత్రమే మోగుతుంది చూడు, అలాంటిదే ఇది. ఇంజిన్ అదురు ఒక లెక్కకు రాగానే వదులుగా ఉన్న ముక్క దానితో పాటు ఊగుతుంది. అన్నట్టు, నీ బండిలో 7,400 ఆర్పీఎం దగ్గర వీవీఏ, అంటే ఇంజిన్ వాల్వులు తెరుచుకునే తీరుని మార్చే ఏర్పాటు, మారుతుంది. అక్కడ టక్కున చిన్న చప్పుడు రావడం మామూలే, దాన్ని కూడా జబ్బు అనుకుని వెతక్కు.

బండిని ఆరుబయట న్యూట్రల్‌లో పెట్టి, ఎవరినైనా ఐదు వేల దగ్గర యాక్సిలరేటర్ పట్టుకోమను. నువ్వు అరచేత్తో ఎడమ ఫెయిరింగ్‌ని ఒక్కోచోట నొక్కుతూ పో. విజర్ కింద, ఇండికేటర్ పక్కన, ట్యాంకు దగ్గర అంచు, పొట్ట కింద. చెయ్యి వేసిన చోట శబ్దం ఆగిందా, దొంగ దొరికినట్టే. నిమిషానికి మించి అలా రేజ్ చేయొద్దు, నిలబడ్డ బండికి ఎదురుగాలి ఉండదు, వేడెక్కుతుంది. గొలుసుకీ సైలెన్సర్ పైపుకీ చెయ్యి దూరంగా ఉంచు.

తర్వాత ఇంజిన్ ఆపి, మోకాళ్ల మీద కూర్చుని కుడి వైపు ఎన్ని బోల్టులు, క్లిప్పులు కనబడుతున్నాయో లెక్కపెట్టు. అవే ఎడమ వైపు ఉన్నాయో లేదో చూడు. ఫెయిరింగ్ దాదాపు అద్దంలో బొమ్మలా రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కుడిపక్క బోల్టు ఉండి, ఎడమపక్క ఉత్త కన్నం కనబడితే నీ సమస్యకు మందు ఒక్క బోల్టే. సర్వీసింగ్‌లో విప్పి, మళ్లీ పెట్టేటప్పుడు ఒకటి మర్చిపోయిన బండ్లు నేను లెక్కలేనన్ని చూశాను. అలాగే జరిగితే ఈ సమాధానం ఇక్కడితో ఆపేసి, బోల్టు కొనుక్కుని బిగించుకో.

అది కాకపోతేనే మిగతాది చదువు.

ముందు సామాను సంగతి. నీ అలెన్ కీల సెట్టులో 4, 5 మిల్లీమీటర్లవి అరగనివి ఉండాలి. ఇలాంటి బండ్ల ఫెయిరింగ్‌లో ఎక్కువ పని వాటితోనే. ఎక్కడైనా ఆరుపలకల తల బోల్టు వస్తే 10 నంబరు టీ స్పానర్ కావాలి. స్టార్ స్క్రూల దగ్గర ఒక మెలిక ఉంది. జపాన్ కంపెనీల బండ్లలో స్టార్ స్క్రూ గాడి, మన బజార్లో దొరికే స్టార్ స్క్రూడ్రైవర్ మొనకి సరిగ్గా కూర్చోదు. గాడి పక్కన చిన్న చుక్క ఉంటే అది జపాన్ కొలత స్క్రూ అని గుర్తు. దానికి జేఐఎస్ డ్రైవర్ అని అడిగి తెచ్చుకో. లేకపోతే ఉన్న డ్రైవర్‌ని బాగా అదిమిపట్టి నెమ్మదిగా తిప్పు. తల అరిగిందంటే ఆదివారం కాస్తా సోమవారమవుతుంది. వీటితో పాటు ఒక బాల్ పెన్ను, సన్నటి ఫ్లాట్ స్క్రూడ్రైవర్, టార్చి, కడ్డీకి అయస్కాంతం ఉన్న పుల్ల ఒకటి దగ్గర పెట్టుకో. బోల్టు పొట్టలో పడిపోయినప్పుడు ఆ పుల్ల విలువ తెలుస్తుంది.

అలెన్ బోల్టు తల గుంతలో ఏళ్ల తరబడి మట్టి గట్టిపడి ఉంటుంది. కీ పైపైన కూర్చుని, తిప్పగానే జారి గుంతని గుండ్రంగా చేసేస్తుంది. అందుకే ప్రతి గుంతనీ ముందు గుండుసూదితో గీరి, ఊది, కీ అడుగంటా దిగిందని తెలిశాకే బలం పెట్టు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇంట్లో విప్పేవాళ్లు సగంలో ఆగిపోయేది ఇక్కడే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టు. ఒక గంటన్నా ఆగు. తాళంచెవి తీసి ఇంట్లో పెట్టేయ్. బండిని నిటారుగా నిలబెట్టే ప్యాడాక్ స్టాండు ఉంటే మంచిది, లేకపోతే గట్టి నేల మీద సైడ్ స్టాండు వేసి, గేరులో ఉంచి, ముందు చక్రం గోడకి ఆనించు. పక్కన బొంత గానీ పాత దుప్పటి గానీ పరుచు, తీసిన ముక్కలు దాని మీద పెట్టాలి. రంగు ఉన్న వైపు పైకి. సిమెంటు నేల మీద ఒక్కసారి ఆనితే చాలు, గీత పడి కూర్చుంటుంది. డిసెంబరు జనవరుల్లో తెల్లారుజామునే దిగొద్దు. చలికి ప్లాస్టిక్ బిర్రబిగిసి పెళుసుగా ఉంటుంది. ఖమ్మంలో పర్వాలేదు గానీ, ఆదిలాబాద్ వైపు వాళ్లయితే కాస్త ఎండ తగలనిచ్చి మొదలుపెట్టడం మేలు.

బోల్టులు ఎక్కడ పెట్టాలి? చాలామంది ఒక గిన్నెలో వేసేస్తారు. అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ పొడవులు వేరు. పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడుగుది పెడితే అది లోపలికి పొడుచుకెళ్లి రేడియేటర్‌కో వైరుకో తగులుతుంది. ఒక అట్టపెట్టె మూత తీసుకుని దాని మీద బండి ఎడమ వైపు బొమ్మ గీయి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు, ముందు చక్రం ఎటుందో తెలిస్తే చాలు. బండి మీద ఏ బోల్టు ఎక్కడ ఉందో, అట్ట మీద అక్కడే కన్నం పొడిచి దాన్ని గుచ్చేయ్. దాని వాషరూ, రబ్బరు బుష్షులో ఉండే ఇనుప గొట్టం ముక్కా ఉంటే వాటితో సహా. కోడిగుడ్ల అట్ట వాడమని చెప్పేవాళ్లున్నారు. నేనూ వాడాను, మా ఇంటి పిల్లి ఒక్క దూకుతో ముప్ఫై గుంతల్లోవీ కలిపేసింది. గుచ్చిన బోల్టు అలా చెదరదు.

ఇక ప్లాస్టిక్ క్లిప్పులు. వీటిని చూసి చాలామంది కంగారుపడి ప్లయర్‌తో పీకేస్తారు. బొత్తాంలా గుండ్రంగా ఉండి మధ్యలో చిన్న పిన్ను ఉంటుంది. రెండు రకాలు ఎక్కువగా కనబడతాయి. ఒకదాంట్లో మధ్య పిన్నుని పెన్ను మొనతో లోపలికి కొద్దిగా నొక్కాలి. టిక్కుమని రెండు మిల్లీమీటర్లు దిగుతుంది, అంతటితో క్లిప్పు వదులైపోతుంది, గోటితో లాగినా వచ్చేస్తుంది. మరీ లోపలికి నొక్కేస్తే పిన్ను ఊడి లోపల పడిపోతుంది. రెండో రకంలో మధ్య పిన్నుకి పక్కన చిన్న నొక్కు ఉంటుంది, ఫ్లాట్ డ్రైవర్ మొన పెట్టి పిన్నుని పైకి లేపాలి. నీ దగ్గరున్నది ఏదో తెలియకపోతే ముందు మెల్లగా నొక్కి చూడు. దిగలేదంటే లేపేది.

తిరిగి పెట్టేటప్పుడు మొదటి రకం క్లిప్పుని తీసినట్టుగానే గుచ్చితే పట్టదు. పిన్నుని వెనక నుంచి తోసి, తల పైకి పొడుచుకువచ్చేలా చెయ్యి. అప్పుడు క్లిప్పుని కన్నంలో పెట్టి, పిన్నుని తలతో సమానమయ్యేదాకా నొక్కు. లోపల కాళ్లు విచ్చుకుని పట్టుకుంటాయి. "క్లిప్పులు పాడైపోయాయి, నిలబడట్లేదు" అని నాకు ఉత్తరాలు రాసినవాళ్లలో చాలామంది చేసిన తప్పు ఇదే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. లాకులు ఎందుకు విరుగుతాయి?

నేను మొదటిసారి ఫెయిరింగ్ విప్పింది ఓ దసరా ముందు రోజు. ఆయుధపూజకి బండిని లోపలి నుంచి కూడా తళతళలాడించాలని ఉబలాటం. కనబడ్డ బోల్టులన్నీ విప్పాను. ప్యానెల్ వెనక అంచు చేతిలోకి వచ్చింది, ముందు భాగం రాలేదు. "ఏళ్ల తరబడి కదలలేదు కదా, బిగుసుకుపోయి ఉంటుంది" అనుకుని రెండు చేతులతో నా వైపుకి లాగాను. ఫట్‌మంది. ఆ శబ్దం ఇప్పటికీ గుర్తుంది. తీసి చూస్తే లోపల కొక్కేల్లాంటి చెవులు రెండు విరిగి పక్క ప్యానెల్ గాడిలోనే ఉండిపోయాయి. ఆ కొక్కేలు పక్కకి లాగితే వచ్చేవి కాదు. ప్యానెల్‌ని ఒక అంగుళం వెనక్కి జరిపితే వాటంతటవే గాడిలోంచి జారిపోయేవి. బిగుసుకుపోయిందేమీ లేదు, నేనే అడ్డంగా లాగాను.

కాబట్టి ఫెయిరింగ్ రాకపోతే దానికి అర్థం "ఇంకా గట్టిగా లాగు" అని కాదు. ఎక్కడో ఇంకో బోల్టు ఉంది, లేదా నువ్వు లాగుతున్న దిక్కు తప్పు. రెండింటిలో ఏదో ఒకటి. అంచుని వేలి వెడల్పు మాత్రం తెరిచి, సందులోంచి టార్చి కొట్టి చూడు. దాక్కునే బోల్టులు మామూలుగా కొన్ని చోట్లే ఉంటాయి. మీటరు పక్కన ఉండే లోపలి నల్ల ప్యానెల్ కింద, ట్యాంకు అంచు దగ్గర ఒక ముక్క మీద ఇంకో ముక్క ఎక్కిన చోట, పొట్ట కింద ఎడమ కుడి ముక్కలు కలిసే చోట, ముందు చక్రం వైపు నుంచి చూస్తే తప్ప కనబడని లోపలి అంచులో. పొట్ట కింద చూడటానికి నేల మీద పడుకోవాల్సిందే, బద్ధకించొద్దు.

పట్టు మూడు రకాలుగా ఉంటుంది. బోల్టు ఒకటి. రెండోది మేకు–రబ్బరు. ప్యానెల్ వెనక మొద్దులాంటి మేకు ఉంటుంది, అది ఫ్రేముకో ట్యాంకుకో ఉన్న రబ్బరు బుష్షులోకి దిగి ఉంటుంది. దీన్ని మాత్రం నిటారుగా బయటికి లాగాలి. మేకు ఉన్న చోటికి వీలైనంత దగ్గరగా వేళ్లు పెట్టి లాగు, దూరంగా అంచు పట్టుకుని కాదు. వచ్చేటప్పుడు "పుక్" అని మెత్తటి శబ్దం వస్తుంది. అది మంచి శబ్దం. మూడోది నేను విరగ్గొట్టిన కొక్కెం–గాడి. దాన్ని జరపాలి, లాగకూడదు. కొక్కెం ఎటు తిరిగి ఉందో సందులోంచి చూసి, దానికి ఎదురు దిక్కుకి అరచేత్తో తడుతూ జరుపు.

విప్పే వరుసకి పెద్ద సూత్రమేం లేదు. ఏ ముక్క అన్నిటికంటే పైన ఎక్కి ఉందో అది ముందు. సాధారణంగా మీటరు పక్కన చిన్న లోపలి ప్యానెళ్లు, తర్వాత పక్క ఫెయిరింగ్, ఆ తర్వాత పొట్ట కింద ముక్క. హెడ్‌లైటు ఉన్న ముందు డూమ్ జోలికి నువ్వు వెళ్లనక్కర్లేదు, నీ శబ్దం పక్కనుంచే వస్తోంది. సగం పని తగ్గినట్టే. నీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికితే అందులో విడిభాగాల బొమ్మ చూసుకో, ఏ ముక్క కింద ఏది ఉందో పది నిమిషాల్లో అర్థమవుతుంది.

చివరి బోల్టు విప్పేటప్పుడు ఒక చెయ్యి ప్యానెల్ కింద ఉండాలి. ఇక్కడ మీ నాన్నగారిని పిలువు. వద్దన్న మనిషి చేతికే ప్యానెల్ ఇచ్చి పట్టుకోమంటే ఆయనకీ కోపం తగ్గుతుంది, నీకూ రెండో జత చేతులు దొరుకుతాయి. పట్టుకునేవాళ్లకి ముందే చెప్పు: ఊడగానే ఎత్తుకుపోవద్దు. ఇండికేటర్ వైరు ఇంకా బండికి తగిలే ఉంటుంది. వైర్లని కలిపే కప్లర్‌కి పక్కన చిన్న నొక్కుడు లాకు ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కిపట్టి, కప్లర్ ఒళ్లు పట్టుకుని విడదీయి. వైర్లు పట్టుకుని లాగితే లోపల పిన్ను వెనక్కి వచ్చేస్తుంది, పైకి బాగానే కనబడుతుంది గానీ ఇండికేటర్ వెలగదు. విడదీసే ముందు వైరు ఏ దారిన పోతోందో ఫోనులో ఒక ఫొటో తీసుకో. కప్లర్లు విడిగా ఉన్నప్పుడు తాళం వేసి స్టార్టు చేసి చూడాలన్న సరదా వద్దు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఏ సెన్సర్ వైరు ఊడి ఉన్నా ఇంజిన్ లైటు వెలిగి కూర్చుంటుంది.

ఫెయిరింగ్ వచ్చేసింది. ఇప్పుడు శబ్దం ఎక్కణ్నుంచో చూడు. మెరిసే నల్లటి మచ్చ కోసం వెతుకు. ప్లాస్టిక్ దేన్నైనా తాకి అదురుతూ ఉంటే అక్కడ రుద్దుకుపోయి నున్నగా మెరుస్తుంది. అది ఫ్రేముని తాకుతోందా, రేడియేటర్ గొట్టాన్నా, పక్క ప్యానెల్‌నా తెలుస్తుంది. నా అనుభవంలో పదిసార్లకు ఏడెనిమిదిసార్లు తప్పు రబ్బరు బుష్షుదే. ఎండిపోయి గట్టిపడటమో, అసలు లేకపోవడమో. వాటర్ సర్వీసింగ్‌లో డీజిల్ కొట్టించే అలవాటు నీకు గానీ ముందు యజమానికి గానీ ఉంటే ఇంకా త్వరగా పోతాయి. డీజిల్ తగిలి తగిలి రబ్బరు ఉబ్బి, మేకుని పట్టుకోవడం మానేస్తుంది. కొత్త బుష్షులు కొద్ది డబ్బుతో వచ్చేవే, విప్పిన వైపువన్నీ ఒకేసారి మార్చెయ్. రెండు ముక్కలు రుద్దుకునే చోట సన్నటి ఫోమ్ టేపు ముక్క అంటిస్తే చాలు. ఎక్కువ అంటిస్తే ప్యానెల్ సరిగ్గా కూర్చోదు.

ఎలాగూ తెరిచావు కాబట్టి రేడియేటర్ మొహం చూడు. పురుగులు, మట్టి, ఎండుటాకు పొడి నిండి ఉంటుంది. మెత్తటి బ్రష్షు, మామూలు పంపు నీళ్లు చాలు, వీలైతే వెనక నుంచి ముందుకి పోయి. ప్రెజర్ గొట్టం మాత్రం పెట్టొద్దు, ఆ పల్చటి రెక్కలు కాగితంలా వంగిపోతాయి. కూలెంట్ రిజర్వాయర్‌లో మట్టం కనీస గీతకీ గరిష్ఠ గీతకీ మధ్య ఉందా చూసుకో. రేడియేటర్ మూత తీయాల్సిన పనేమీ లేదు, వేడి మీద అయితే అసలే తీయకు. ప్యానెల్‌ని కడగడానికి షాంపూ నీళ్లు వాడు. పెట్రోలు, థిన్నర్ గుడ్డతో తుడవడం మన షెడ్లలో మామూలే గానీ, ఏబీఎస్ ప్లాస్టిక్‌కి (ఇది ప్లాస్టిక్ రకం పేరు, బ్రేకుల ఏబీఎస్ కాదు) అది పడదు. రంగు పోవడం ఒక్కటే కాదు, బోల్టు కన్నాల దగ్గర వెంట్రుకంత పగుళ్లు మొదలవుతాయి.

ఇక లాకు విరిగితే దేంతో అంటించాలన్న ప్రశ్న. ముందు విరిగిన ముక్క పారేయకు. మనం ఫైబర్ అంటాం గానీ కంపెనీ ఫెయిరింగ్‌లో ఫైబర్ ఉండదు, అంతా అచ్చుపోసిన ప్లాస్టికే. ఏ ప్లాస్టికో ప్యానెల్ లోపలి వైపు చిన్న అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే నీ అదృష్టం. అది అసిటోన్‌లో కరుగుతుంది. అదే రకం ప్లాస్టిక్ పొట్టు కొంచెం అసిటోన్‌లో నానబెడితే చిక్కటి పేస్టు అవుతుంది. పిల్లల లెగో ఇటుకలు కూడా ఏబీఎస్సే, విరిగిపోయినవి ఉంటే పనికొస్తాయి. పగులు కొస దగ్గర రెండు మిల్లీమీటర్ల కన్నం పెట్టు, పగులు అక్కణ్నుంచి ముందుకి పాకదు. లోపలి వైపు గరుకు కాగితంతో గీరి, పేస్టు పూసి, సన్నటి స్టీలు జాలీ ముక్క అందులో కూర్చోబెట్టి, పైన మళ్లీ పూత వేయి. ఒక రోజంతా కదపకుండా ఆరనివ్వు. రంగు వైపుకి ఒక్క చుక్క కారినా రంగు లేచిపోతుంది, జాగ్రత్త. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, వంటింటి దరిదాపుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

పీపీ (పాలీప్రొపిలీన్ అనే ఇంకో రకం ప్లాస్టిక్) అని ఉంటే ఏ జిగురూ దానికి నమ్మకంగా అంటదు. అదే ప్లాస్టిక్ పుల్లని వేడి కడ్డీతో కరిగించి అతికించాలి, ప్లాస్టిక్ వెల్డింగ్ అంటారు. చేతికి అలవాటు లేకపోతే చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. ముక్క ఒక్కటే సంచిలో పట్టుకెళ్తే సరిపోతుంది, బండి అక్కర్లేదు. విప్పడం నేర్చుకున్నందుకు అదొక లాభం. ఫెవిక్విక్ లాంటి చుక్క జిగురు మాత్రం వద్దు. పట్టుకున్నట్టే పట్టుకుంటుంది, ఎండాక పెళుసుబారి అదురుకి నాలుగు రోజుల్లో ఊడుతుంది. తెల్లటి మరక అదనం.

బిగించేటప్పుడు తొందరపడేవాళ్లే ఎక్కువ. చీకటి పడుతుంటుంది, అన్నానికి పిలుస్తుంటారు. అప్పుడే ఆగాలి. ముందు కప్లర్ కలుపు, ఇండికేటర్ వెలుగుతోందా చూడు, తర్వాతే ప్యానెల్ ఎత్తు. కొక్కేలు గాడిలోకి, ఆ తర్వాత మేకులు రబ్బరులోకి, చివర్న బోల్టులు. మేకు దిగకపోతే రబ్బరుకి షాంపూ నీళ్లు ఒక చుక్క రాయి, నూనె కాదు.

బోల్టులన్నీ చేత్తోనే, రెండు మూడు చుట్లు మాత్రమే తిప్పి వదిలెయ్. ఒక్కటి కూడా బిగించకు. ముందే ఒకటి బిగిస్తే ప్యానెల్ ఒక పక్కకి లాగినట్టయి, ఆఖరి కన్నం అర సెంటీమీటరు తప్పుతుంది. అప్పుడు బోల్టుని అడ్డంగా తోసి తిప్పుతాం, త్రెడ్ పోతుంది. అన్నీ ఎక్కాక, అంచులన్నీ సమంగా కూర్చున్నాయని కంటితో చూసుకుని, అప్పుడు బిగించు. అలెన్ కీ పొట్టి కొసని చేత్తో పట్టుకుని, పొడుగు కొసని గుంతలో పెట్టి బిగిస్తే చెయ్యి అదుపు తప్పదు. ఆనిన తర్వాత ఇంకో కొంచెం, అంతే. ప్లాస్టిక్‌ని పట్టుకునే బోల్టు ఇంజిన్ బోల్టు కాదు. రబ్బరు బుష్షు మధ్యలో ఇనుప గొట్టం ముక్క ఉండేది మర్చిపోతే ఎంత మెల్లగా బిగించినా ప్లాస్టిక్ నలుగుతుంది, అందుకే దాన్ని కూడా అట్టకి గుచ్చమన్నది.

అదురుకి బోల్టులు ఊడతాయని థ్రెడ్ లాకర్ జిగురు వేయమని ఎవరైనా చెప్తే వినకు. ఇంజిన్ బోల్టుకి అది మంచిదే. ఏబీఎస్‌కి తగిలితే మాత్రం ప్లాస్టిక్‌ని లోపల్నుంచి చిట్లగొడుతుంది, కొన్నాళ్లకి బోల్టు చుట్టూ ముక్క ఊడి చేతిలోకి వస్తుంది. నేను చూసిన కారణం తెలియని పగుళ్లలో కొన్ని దీనివే. బోల్టు ఊడిపోకుండా ఉండాలంటే మంచి రబ్బరు బుష్షు చాలు.

హ్యాండిల్ పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పి చూడు. కేబుల్ గానీ వైరు గానీ ప్యానెల్‌కీ ఫ్రేముకీ మధ్య నలగకూడదు. హారన్, ఇండికేటర్లు చూసుకుని ఒక పది కిలోమీటర్లు తిరిగొచ్చి, ఒక్కసారి అన్ని బోల్టులకీ కీ పెట్టి చూడు. ఏదో ఒకటి పావు చుట్టు తిరుగుతుంది.

మూడో ప్రశ్న, ఫెయిరింగ్ లేకుండా తిరగడం. ఇంజిన్‌కి ఏమీ కాదు. ఇదే 155 సీసీ ఇంజిన్‌తో, ఇదే డెల్టాబాక్స్ ఫ్రేముతో 2019లో వచ్చిన ఎంటీ–15కి ఫెయిరింగే లేదు. కానీ దాన్ని పుట్టుకతోనే అలా తయారుచేశారు. నీ బండిలో వైర్ల గుత్తులు, గొట్టాలు, బ్రాకెట్లు అన్నీ ఫెయిరింగ్ చాటున ఉంటాయన్న ధీమాతో పెట్టినవి. వానలో తడుస్తాయి, లారీ వెనక వెళ్తే రాళ్లు తగులుతాయి. ఇండికేటర్లు ఫెయిరింగ్‌తో పాటే పోతాయి, వేరే చోట బిగించుకోవాలి. చట్టం సంగతి చెప్పాలంటే, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ప్లాస్టిక్ ఊడదీయడం ఆ లెక్కలోకి వస్తుందా రాదా అని నడిరోడ్డు మీద ట్రాఫిక్ ఎస్సైతో, ఆ తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయర్‌తో వాదించే ఓపిక నీకుంటే నీ ఇష్టం. ప్యానెల్ రిపేరుకిచ్చిన రెండు రోజులు అయితే బండిని ఇంట్లో ఉంచు, బస్సెక్కు.

అన్నీ బిగించాక అట్ట మీద ఒక బోల్టు మిగిలితే మాత్రం దాన్ని జేబులో వేసుకుని పడుకోకు. అట్ట మీద అది గుచ్చి ఉన్న చోటే, ఎక్కడిదో నీకు చెబుతుంది. అట్టలో లేని బోల్టు మిగిలితే అది బహుశా నీకంటే ముందు విప్పినవాళ్లది. పొట్ట ముక్కలో పడి దొర్లుతూ ఉండి ఉంటుంది, నీ గరగర కూడా అదే అయ్యుండొచ్చు.